కాలేజీకి వెబ్‌సైట్ అవసరమా, వాట్సాప్ గ్రూపులు చాలవా?

హనుమకొండ_సీఎస్ · సోమవారం రాత్రి 9:40

నమస్తే అందరికీ. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. "మేడమ్, మీది కంప్యూటర్స్ కదా" అన్న ఒక్క మాటతో నాలుగేళ్ల క్రితం కాలేజీ వెబ్‌సైట్ నా మెడకు చుట్టుకుంది. ఆఫీసులో ప్రింటర్ ఆగిపోయినా నన్నే పిలుస్తారు, అది వేరే కథ.

మొన్న స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ సార్ అడిగారు: "ఏటా హోస్టింగ్‌కి డబ్బులు కడుతున్నాం, ఆ సైట్ ఎవరు చూస్తున్నారమ్మా? పిల్లలంతా వాట్సాప్‌లోనే ఉన్నారు. ఇన్‌స్టా పేజీ ఒకటి పెట్టుకుని సైట్ మూసేద్దామా?" సగం మంది తలూపారు. నిజం చెప్పాలంటే నా దగ్గరా గట్టి జవాబు లేదు. ఆలోచించి చెప్తానని తప్పించుకున్నాను.

కానీ ఆ మీటింగ్‌కి వారం ముందు జరిగింది ఒకటి చెప్పాలి. మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటీసు వచ్చింది. ప్రింట్ తీసి నోటీసు బోర్డు అద్దం వెనక పెట్టారు. దాన్ని ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి అన్ని గ్రూపుల్లో వేశారు. ట్యూబులైటు వెలుగు అద్దం మీద పడి సరిగ్గా చివరి తేదీ దగ్గర తెల్లగా మెరుస్తోంది. 13వ తేదీ కాస్తా 18లా కనిపించింది. నర్సంపేట వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి 17న తీరిగ్గా డబ్బులు పట్టుకుని వచ్చింది. లేట్ ఫీజు కట్టమన్నారు. ఆఫీసు బయట నిలబడి ఏడుస్తూ నాకు ఫోన్ చూపించింది. వేళ్లతో పెద్దది చేసి చూశాను. నాకూ 18గానే కనిపించింది.

ఇప్పుడు నా ప్రశ్నలు. సైట్ ఉంచాలా, తీసేయాలా? ఉంచితే అందులో ఏం ఉండాలి? మా దగ్గర డెవలపర్ లేడు, బడ్జెట్ కూడా పెద్దగా లేదు.

---

చౌరస్తా_చాయ్ · సోమవారం రాత్రి 10:05

మేడమ్, కోపం తెచ్చుకోవద్దు, ఫైనలియర్ స్టూడెంట్‌గా ఉన్నమాట చెప్తాను. మాది వేరే కాలేజీ. మూడేళ్లలో మా కాలేజీ సైట్ రెండుసార్లు తెరిచాను. మొదటిసారి అడ్మిషన్ అప్పుడు. రెండోసారి ఇప్పుడు, మీ పోస్ట్ చూశాక.

తెరవగానే పెద్ద స్లైడర్, ఒకదాని తర్వాత ఒకటి మారే ఫొటోలు. రిబ్బన్ కటింగ్, శాలువా, మళ్లీ రిబ్బన్, మళ్లీ శాలువా. కింద ఎర్ర అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతున్నాయి, పక్కన "న్యూ" అని మెరిసే బొమ్మ. ఆ కొత్త వార్త నొక్కితే 2019 నాటి స్పోర్ట్స్ డే. టైంటేబుల్ నొక్కితే పేజీ లేదంటోంది.

అట్లా అని వాట్సాప్ బాగుందనీ అనను. క్లాస్ గ్రూపు, సెక్షన్ గ్రూపు, ల్యాబ్ బ్యాచ్ గ్రూపు, ఎన్‌ఎస్‌ఎస్ గ్రూపు, స్కాలర్‌షిప్ గ్రూపు, సార్లు లేని గ్రూపు. మొత్తం 11 లెక్కతేలాయి. ఆ చివరిది తప్ప అన్నీ మ్యూట్‌లోనే ఉన్నాయి.

---

కాజీపేట_ప్యాసింజర్ · సోమవారం రాత్రి 11:20

నేను వెబ్ పని చేసి బతికేవాణ్ని. ఊళ్లో స్కూళ్లకీ, ఫంక్షన్ హాళ్లకీ, రెండు మూడు కాలేజీలకీ సైట్లు చేశాను. చాయ్ తమ్ముడు చెప్పిన స్లైడర్ల పాపంలో నాకూ వాటా ఉంది. కస్టమర్ అడిగింది చేసిచ్చాను, ఏం చేస్తాం.

మేడమ్, మీ సార్ అడిగిన ప్రశ్న తప్పేం కాదు. కాకపోతే రెండు వేర్వేరు పనులను ఒకటే అనుకుంటున్నారు. కాజీపేట స్టేషన్‌లో మైకులో చెప్తారు కదా, ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫాంకి వస్తోందని. ఆ టైంకి అక్కడ ఉన్నవాడికి అది చాలు. అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు తలెత్తి బోర్డు చూస్తాడు. వాట్సాప్ మైకు. సైట్ బోర్డు. మైకు ఉంది కదా అని బోర్డు పీకేస్తే ఆలస్యంగా వచ్చినవాడు కనిపించినవాళ్లనల్లా అడుగుతూ తిరగాలి. మీ గ్రూపుల్లో రోజూ "సార్, లాస్ట్ డేట్ ఎప్పుడు" అని పదిసార్లు అడుగుతున్నారా లేదా?

వాట్సాప్‌తో ఇంకొన్ని తంటాలున్నాయి. గ్రూపులో 1,024 మందికి మించి పట్టరు. 2022కి ముందయితే 256 మందే. అందుకే ఫస్టియర్ ఏ, ఫస్టియర్ బీ అని ముక్కలు చేసుకుంటారు, ఒక ముక్కలో వేయడం మర్చిపోతారు. అడ్మిన్‌గా ఉన్న లెక్చరర్ ట్రాన్స్‌ఫర్ మీద ఇంకో జిల్లాకు పోతే గ్రూపు ఎవరిదో తెలియదు. గూగుల్‌లో వెతికితే గ్రూపులో మెసేజ్ దొరకదు.

అన్నిటికన్నా పెద్ద తంటా, తప్పు దిద్దలేకపోవడం. ఆ 18 తేదీ ఫొటో ఒక్కసారి బయటికి పోయాక ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరికీ తెలియదు. మీ గ్రూపులో డిలీట్ చేసినా ఫార్వర్డ్ అయినవి అట్లాగే తిరుగుతాయి. సైట్‌లో అయితే ఆ పేజీలో ఒక్కసారి దిద్దితే చాలు, తర్వాత ఎవరు తెరిచినా దిద్దినదే చూస్తారు.

ఇన్‌స్టా సంగతి అడిగారు. పండుగ ఫొటోలకీ, ప్లేస్‌మెంట్ సంబరాలకీ, అడ్మిషన్ల ముందు ఇంటర్ పిల్లల కంట్లో పడటానికీ బాగుంటుంది. కానీ పోస్టు కింద లింకు రాస్తే అది నొక్కడానికి పనికిరాదు, "లింక్ బయోలో ఉంది" అనాలి. ఆ బయో లింకు పోయేది ఎక్కడికి? మళ్లీ సైట్‌కే కదా.

---

ములుగు_రోడ్ · మంగళవారం ఉదయం 6:50

ప్యాసింజర్ అన్న చెప్పింది కరెక్టే కానీ, ఆ బోర్డు మాకు కనపడాలంటే ముందు తెరుచుకోవాలి కదా. మాది తాడ్వాయి దాటి లోపలికి పోవాలి. ఇంట్లో సిగ్నల్ ఒక గోడ పక్కన మాత్రమే దొరుకుతుంది, మా అమ్మ అక్కడ ఫోన్ పెట్టడానికి ఒక మేకు కొట్టింది. వాట్సాప్ మెసేజ్ ఎట్లాగో వచ్చి పడుతుంది. కాలేజీ సైట్ తెరిస్తే తెల్ల స్క్రీను మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. అన్నం తినొచ్చి చూసినా అదే చక్రం.

పోయిన సెలవుల్లో హాల్‌టికెట్ కోసం ఇట్లాగే చూసి చూసి చివరికి హనుమకొండలో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేసి నోటితో చదివించుకున్నాను.

---

కాజీపేట_ప్యాసింజర్ · మంగళవారం ఉదయం 8:15

తమ్ముడూ, ఆ చక్రం ఎందుకు తిరుగుతుందో చెప్తాను. ఫోన్ కెమెరా ఫొటో ఒక్కొక్కటి 4, 5 ఎంబీ ఉంటుంది. వాటిని ఉన్నవి ఉన్నట్లే ఆరు తెచ్చి స్లైడర్‌లో పెడతారు. అంటే మొదటి పేజీకే 24 నుంచి 30 ఎంబీ అవుతుంది. అదే ఫొటోని 1,200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి సేవ్ చేస్తే 150, 200 కేబీకి వస్తుంది. కళ్లకు తేడా కూడా తెలియదు. ఇక నోటీసుని ఫొటోగా కాకుండా అక్షరాల్లో టైప్ చేస్తే? ఒక పేజీ తెలుగు మ్యాటర్ 10 కేబీకి అటూ ఇటూ. నీ గోడ పక్కన ఉన్న సిగ్నల్‌కి కూడా అది చాలు.

మేడమ్, నా మొదటి సలహా ఇదే. స్లైడర్ తీసేయండి. నోటీసులు మొదటి పేజీలో, టైప్ చేసిన అక్షరాల్లో, తేదీలతో, కొత్తవి పైన.

---

స్వరం · మంగళవారం ఉదయం 11:32

టైప్ చేసిన అక్షరాలు అన్నారు కాబట్టి నేనూ చెప్తాను. నాకు చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను, ఉచితంగానే దొరుకుతుంది. తెలుగు చదువుతుంది. గొంతు రోబోలా ఉంటుంది కానీ అలవాటైపోయింది. ఫోన్‌లో టాక్‌బ్యాక్.

బీఈడీ చేసేటప్పుడు కాలేజీ నుంచి వచ్చిన నోటీసుల్లో చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. తెరవగానే నా స్క్రీన్ రీడర్ "ఖాళీ" అనేది. మిగతావాళ్లకి నిండా అక్షరాలున్న కాగితం, నాకు ఖాళీ. ఇంటర్నల్ పరీక్ష తేదీ మారిందని రూమ్మేట్ చెప్పకపోతే మిస్సయ్యేవాణ్ని. అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నిజమే. వంకరగా తీసిన ఫొటోలో తేదీని అవి తప్పు చదివితే ఆ తప్పు పట్టుకునే కన్ను నాకు లేదు. మేడమ్ గారికే 18లా కనిపించిందన్నారు కదా.

మనదేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందేలా ఉండాలంటోంది. చట్టం పేరు చెప్పి బెదిరించడం నాకు ఇష్టం ఉండదు. అయినా చెప్తున్నాను, మీటింగ్‌లో మేడమ్ గారికి పనికొస్తుందేమోనని.

---

చౌరస్తా_చాయ్ · మంగళవారం మధ్యాహ్నం 12:10

అన్నా, ఈ కోణం నాకు తట్టనే లేదు. మా క్లాసులో కూడా ఒక అతను ఉన్నాడు. ఫొటో నోటీసు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరం చదివి వాయిస్ మెసేజ్ పెడతాం. సాయం చేస్తున్నామనుకుంటున్నాం ఇన్నాళ్లూ.

---

డీటీపీ_సెంటర్ · మంగళవారం సాయంత్రం 5:48

అందరూ "టైప్ చేయండి, టైప్ చేయండి" అంటున్నారు. చేసేది మేమే కాబట్టి మా కష్టం కూడా వినండి. సుబేదారిలో 20 ఏళ్లుగా షాపు నడుపుతున్నా. కాలేజీల నోటీసులు, ఇన్విటేషన్లు, మ్యాగజైన్లు అన్నీ అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొట్టాం. చేతులు యాపిల్ కీబోర్డుకి (తెలుగు అక్షరాల కీ అమరిక పేరు అది) అలవాటుపడ్డాయి, కళ్లు మూసుకుని కొడతాం. అక్షరం అందంగా వస్తుంది, ప్రింటు బాగుంటుంది.

గొడవ ఎక్కడంటే, ఆ మ్యాటర్ కాపీ చేసి సైట్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చి గీతలు వస్తాయి. ఎందుకంటే అది లోపల నిజానికి తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంటు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు. అందుకే అందరూ పీడీఎఫ్ చేసో, ప్రింట్ తీసి ఫొటో కొట్టో పంపుతారు. బద్ధకంతో కాదు.

ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మారుస్తాయి కానీ ఒత్తులూ అంకెలూ అక్కడక్కడా తేడా కొడతాయి, మళ్లీ కూర్చుని ప్రూఫ్ చూడాలి. ఆ ప్రూఫ్‌కి డబ్బులు ఎవరిస్తారు?

---

హనుమకొండ_సీఎస్ · మంగళవారం రాత్రి 9:15

అన్నా, మీరు చెప్పాక ఒక విషయం అర్థమైంది. మా ఆఫీసు సీనియర్ అసిస్టెంట్ గారికి నేను ఏడాదిగా "మ్యాటర్ పంపండి, మ్యాటర్ పంపండి" అంటున్నాను. ఆయన పంపుతున్నారు, నాకు పిచ్చి గీతలు వస్తున్నాయి, ఆయనకి చేతకాదేమో అనుకున్నాను. తప్పు నాదే. రేపు కలిసి సారీ చెప్తాను.

స్వరం గారూ, మీ మెసేజ్ మా హెచ్‌ఓడీ మేడమ్‌కి చదివి వినిపించాను. మొదట యాక్సెసిబిలిటీ (దివ్యాంగులకూ అందేలా ఉండటం) అంటే "అవన్నీ పెద్ద యూనివర్సిటీలకమ్మా" అన్నారు. "ఖాళీ" అన్న మాట దగ్గర ఆగిపోయారు.

---

కాజీపేట_ప్యాసింజర్ · మంగళవారం రాత్రి 10:30

డీటీపీ అన్నా, యాపిల్ కీబోర్డు పద్ధతిలోనే యూనికోడ్ కొట్టే లేఅవుట్లు దొరుకుతున్నాయి. చేతులు మార్చుకోనక్కర్లేదు. ఫాంట్లకీ కొదవలేదు: మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, నోటో సాన్స్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. బాడీ మ్యాటర్‌కి నేను నోటోనో మండలినో వాడతాను. రామభద్ర హెడ్డింగులకి బాగుంటుంది, పేజీ మొత్తం అందులో పెడితే ఎన్నికల పోస్టర్‌లా ఉంటుంది.

ఇంగ్లిష్ టెంప్లేట్ తెచ్చి అందులో తెలుగు పోస్తే ఇంకో సమస్య వస్తుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద నిలబడుతుంది. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు. "స్త్రీ" చూడండి, "లక్ష్మి" చూడండి. లైన్ల మధ్య ఎడం 1.2 అని పెట్టిన టెంప్లేట్‌లో పై లైను ఒత్తు కింది లైను తలకట్టుకి తగులుతుంది. బటన్ల ఎత్తు ఫిక్స్ చేసి ఉంటే ఒత్తు సగానికి తెగిపోతుంది. నేను 1.7 పెడతాను. అక్షరం సైజు కూడా ఇంగ్లిష్ కంటే ఒక మెట్టు పెద్దగా. ఇటాలిక్ అసలే వద్దు, తెలుగు పడిపోతున్నట్లు ఉంటుంది.

ఫొటోషాప్‌లో పోస్టర్లు చేసే పిల్లలకి ఒకమాట. ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయంటే ఫాంటు తప్పు కాకపోవచ్చు. టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఆన్ చేశారో లేదో చూడండి. సగం ఫ్లెక్సీల్లో పేర్లు చెడిపోయేది అక్కడే.

రంగుల సంగతి. ఎరుపు మీద పసుపు, నీలం మీద ఎరుపు వద్దు. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆ లెక్క కట్టే ఉచిత టూల్స్ ఉన్నాయి. టూల్ లేకపోతే ఫోన్ తీసుకుని మధ్యాహ్నం ఎండలో బస్టాండ్‌లో నిలబడి చదవండి. చదవగలిగితే పాసయినట్లే.

---

లైబ్రరీ_మూల · బుధవారం ఉదయం 10:02

లైబ్రేరియన్‌ని. ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాలాంటివాళ్ల బాధ ఇంకొకటి ఉంది, అది నాక్, కాలేజీల నాణ్యత లెక్కగట్టే సంస్థ.

నాక్‌కి రిపోర్టు పంపేటప్పుడు ప్రతి క్లెయిమ్‌కీ రుజువుగా వెబ్ లింకులు అడుగుతారు. సెమినార్ జరిగిందంటే దాని పేజీ, ఫొటో, రిపోర్టు. అప్పుడు కాలేజీలన్నీ పెళ్లికి ఇల్లు సున్నం కొట్టినట్లు నెలరోజులు సైట్‌కి సున్నం కొడతాయి. టీం వచ్చి వెళ్లాక మళ్లీ అదే బూజు. ఫేస్‌బుక్ పోస్టు లింకులు పెట్టిన ఒక కాలేజీలో ఆ పేజీ నడిపిన లెక్చరర్ అకౌంట్ మూసేసుకున్నాడు. లింకులన్నీ ఒక్క రోజులో చచ్చిపోయాయి. మీ ప్రిన్సిపాల్ గారికి మిగతావన్నీ వదిలేసి ఈ ఒక్కటి చెప్పండి, సైట్ మూసే మాట ఇక ఎత్తరు.

ఇంకొకటి, అడ్రసు. నాకు తెలిసిన ఒక కాలేజీ డాట్ కామ్ పేరు తీసుకుంది. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ ఎవరో పాత ఉద్యోగి జీమెయిల్‌కి పోతోంది. ఏడాది తర్వాత ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. అడ్మిషన్ల టైంలో తల్లిదండ్రులు కాలేజీ సైట్ అనుకుని తెరిస్తే పేకాట ప్రకటనలు! గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకి డాట్ ఏసీ డాట్ ఇన్ అడ్రసు దొరుకుతుంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా ఇస్తుంది. కాగితాలు అడుగుతారు కాబట్టి దారిన పోయేవాడు ఆ పేరు కొనలేడు. రెన్యువల్ మాత్రం కాలేజీ పేరున ఉన్న మెయిల్‌కి రావాలి, మనిషి పేరున ఉన్న మెయిల్‌కి కాదు.

2016లో దోస్త్ అనే అడ్మిషన్ల పోర్టల్ వచ్చాక డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైనే కదా. వెబ్ ఆప్షన్లు పెట్టే పిల్లాడు భూపాలపల్లిలోనో మహబూబాబాద్‌లోనో కూర్చుని కాలేజీ పేరు గూగుల్‌లో కొడతాడు. అక్కడ కనిపించేదే వాడి దృష్టిలో మీ కాలేజీ.

---

చౌరస్తా_చాయ్ · బుధవారం ఉదయం 10:20

పేకాట కాలేజీ ఏది సార్? హింట్ ఇవ్వండి.

లైబ్రరీ_మూల · బుధవారం ఉదయం 10:24

ఇవ్వను బాబూ. రిటైర్‌మెంట్‌కి రెండేళ్లుంది.

---

పాకాల_గాలి · బుధవారం రాత్రి 8:55

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. అందరూ నోటీసుల గురించే మాట్లాడుతున్నారు. చదువు సంగతేంటి? నేను ఎకనామిక్స్ చెప్తాను, తెలుగు మీడియం. నాకు సైట్ వల్ల పైసా ఉపయోగం జరగలేదు. టెలిగ్రామ్ వల్ల జరిగింది. ఒక ఫైలు 2 జీబీ దాకా పెట్టొచ్చు, ఆలస్యంగా చేరినవాడికి కూడా ఛానెల్‌లో పాత నోట్సు మొత్తం కనిపిస్తుంది. ప్యాసింజర్ గారు చెప్పిన బోర్డు లక్షణం దానికీ ఉంది. యూట్యూబ్‌లో నా పాఠాలు 40 దాకా పెట్టాను, పిల్లలు పరీక్ష ముందు రాత్రి రెండింతల స్పీడులో చూస్తారు. నా గొంతు చిలక గొంతులా ఉంటుందట.

గూగుల్ క్లాస్‌రూమ్ కరోనా అప్పుడు అందరం వాడాం, మంచిదే. విద్యాసంస్థలకి ఇచ్చిన అపరిమిత స్టోరేజీని తర్వాత వాళ్లు ఎత్తేశారు. సంస్థ మొత్తానికి కలిపి 100 టీబీ అని 2021లో ప్రకటించారు. మనలాంటి చిన్న కాలేజీకి 100 టీబీ కూడా సముద్రమే అనుకోండి. కానీ రూలు మార్చే చెయ్యి మనది కాదని అప్పుడు తెలిసొచ్చింది. మూడుల్ అని పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్ ఉంది, మన సర్వర్‌లో పెట్టుకోవచ్చు, 2002 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఖర్చు లేదు. నడిపే మనిషి ఖర్చు ఉంది. మా దగ్గర పెట్టిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే వెళ్లిపోయాడు, పాస్‌వర్డ్ కూడా వాడితోనే వెళ్లింది.

కాబట్టి పిల్లలు ఎక్కడుంటే పాఠం అక్కడికే పోవాలి. సైట్‌కి రమ్మంటే రారు.

---

వడ్డేపల్లి_కట్ట · బుధవారం రాత్రి 10:11

పాకాల సార్, ఒప్పుకుంటాను. ఒక్క సంగతి తప్ప. నేను పీజీ అమ్మాయిని. వాట్సాప్ గ్రూపులో చేర్చగానే నా నంబర్ 300 మందికి తెలిసిపోయింది. మూడో రోజు నుంచి "హాయ్, నోట్స్ ఉన్నాయా" అని తెలియని నంబర్ల నుంచి మెసేజ్‌లు. నోట్సు అడిగేవాడు రాత్రి పన్నెండున్నరకి డీపీ బాగుందని ఎందుకంటాడు? గ్రూపులోంచి బయటికి వచ్చేద్దామంటే ఇంటర్నల్ మార్కుల లిస్టు అందులోనే వేస్తారు. మార్కుల లిస్టు అందరి ముందు వేయడం ఇంకో ఘోరం. హాల్‌టికెట్ నంబర్, పేరు, తండ్రి పేరు, ఒకసారయితే కులం కాలమ్‌తో సహా వేశారు, స్కాలర్‌షిప్ షీటు కదా అని.

టూల్ ఏదైనా వాడండి సార్. కాలేజీలో చదవాలంటే నంబర్ అందరికీ ఇచ్చి తీరాలన్న పరిస్థితి మాత్రం ఉండకూడదు.

---

పాకాల_గాలి · బుధవారం రాత్రి 10:40

అమ్మా, నీ మాట చదివి నా గ్రూపులు ఒకసారి చూసుకున్నాను. పోయిన సెమిస్టర్ మార్కుల షీటు ఇంకా అందులోనే ఉంది. సిగ్గేసింది. నా వరకు తీసేశాను, ఎవరైనా దింపుకుని ఉంటే చేయగలిగింది లేదు.

---

కాజీపేట_ప్యాసింజర్ · బుధవారం రాత్రి 11:05

నంబర్లు కనిపించకుండా దారి ఉంది. వాట్సాప్ ఛానెల్స్ మనదేశంలో 2023 సెప్టెంబర్‌లో వచ్చాయి. చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, మాట్లాడేది కాలేజీ ఒక్కటే. తిరిగి ప్రశ్న అడగడం కుదరదు, అది లోటే. పేర్లున్న లిస్టులు మాత్రం ఛానెల్‌లోనూ వద్దు, సైట్‌లోనూ వద్దు. ఎవరి మార్కులు వాళ్లకే కనిపించాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫస్టియర్‌లో 17 ఏళ్లవాళ్లు ఉంటారని మర్చిపోవద్దు.

మేడమ్, మీ అసలు ప్రశ్నకి వస్తే, నా లెక్క ఇది. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ ఉచితమే, కానీ దానికి తగిలించే ప్లగిన్లు అప్‌డేట్ చేయకపోతే ఆరు నెలల్లో ఎవడో దూరి జూదం లింకులు పెడతాడు. అప్‌డేట్ చేసే మనిషి లేనిచోట మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలే మేలు. గిట్‌హబ్ పేజెస్ అనే హోస్టింగ్‌లో ఉచితంగా పెట్టొచ్చు. దానికి కూడా భయమయితే గూగుల్ సైట్స్. అందంగా ఉండదు, అంత తేలిగ్గా చెడిపోదు కూడా. ఏది ఎంచుకున్నా అడగాల్సింది ఒక్కటే: మీరు సెలవులో ఉన్న రోజు ఆఫీసు అసిస్టెంట్ గారు ఒక్కరే కూర్చుని నోటీసు పెట్టగలరా?

అడ్రసు పక్కన "సురక్షితం కాదు" అని వస్తోందా? 2018 నుంచి క్రోమ్ అలా చూపిస్తోంది. ఆ హెచ్చరిక పోగొట్టే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. ఎవరైనా వేలల్లో అడిగితే ఒకసారి నన్ను అడగండి.

---

హనుమకొండ_సీఎస్ · గురువారం ఉదయం 7:30

వస్తోంది. వేలల్లో అడిగారు కూడా.

ఇంకో ఆలోచన వచ్చింది. మా బీసీఏ పిల్లలకి వెబ్ డిజైన్ పేపర్ ఉంది. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు పరీక్షలో పెన్నుతో రాస్తారు, నవ్వకండి. ప్రాజెక్టు అంటే ప్రతి ఏడాదీ అదే ఆన్‌లైన్ షాపింగ్, అదే లైబ్రరీ మేనేజ్‌మెంట్, సగం ప్రాజెక్ట్ సెంటర్లో కొన్నవి. ఈసారి నోటీసుల పేజీ వాళ్లతోనే చేయిస్తే? ములుగు రోడ్ తమ్ముడి ఫోన్‌లో తెరుచుకోవాలి, స్వరం గారి స్క్రీన్ రీడర్ చదవాలి. ఈ రెండూ దాటితేనే మార్కులు.

---

స్వరం · గురువారం ఉదయం 9:10

పరీక్షకి నేను రెడీ. మార్కులు వేయడంలో మాత్రం పిసినారిని.

---

హనుమకొండ_సీఎస్ · 24 రోజుల తర్వాత, ఆదివారం

ఏమైందో మీకు చెప్పాలి కదా.

ప్రిన్సిపాల్ సార్‌కి లైబ్రరీ సార్ చెప్పిన లింకుల కథ చెప్పాను. సైట్ ఉంటుంది. స్లైడర్ పోయింది. స్లైడర్‌లో ఫొటో ఉన్న ఒకాయన నాతో మాట్లాడటం లేదు.

ఆరుగురు పిల్లలు చేశారు. మొదటి పేజీలో నోటీసులు తప్ప ఏమీ లేవు. మొత్తం కలిపి 90 కేబీ. మొదటి టెస్టులో స్వరం గారు ముగ్గురిని ఫెయిల్ చేశారు. అన్ని లింకులకీ "ఇక్కడ క్లిక్ చేయండి" అని పెట్టారట. ఆయనకి వరుసగా "ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి" అని పదకొండుసార్లు వినిపించిందట, దేనికి క్లిక్ చేయాలో తెలియదు. ఇప్పుడు "మూడో సెమిస్టర్ ఫీజు వివరాలు" అని పూర్తిగా రాస్తున్నారు.

ఆఫీసు అసిస్టెంట్ గారికి యూనికోడ్ లేఅవుట్ పెట్టిచ్చాం. డీటీపీ అన్న షాపుకి పిలిచి గంటసేపు నేర్పించారు, డబ్బులు తీసుకోలేదు. మొదటి నోటీసు టైప్ చేయడానికి ఆయనకి ముప్పావుగంట పట్టింది. నిన్నటిది పది నిమిషాల్లో అయిపోయింది. ఆయనే తనంతట తాను తేదీ పక్కన అక్షరాల్లో కూడా రాస్తున్నారు: "చివరి తేదీ 13 (పదమూడు)".

అన్నీ కుదరలేదు. ఛానెల్ పెట్టాం, సగం మంది కూడా చేరలేదు. ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ఇప్పటికీ గ్రూపుల్లో అద్దం మీద వెలుగు పడిన ఫొటోనే వస్తోంది. కాకపోతే దాని కింద పేజీ లింకు కూడా వేస్తున్నారు. నోటీసు బోర్డు మీద క్యూఆర్ కోడ్ అంటించాం, అద్దం లోపల. వెలుగు దాని మీద కూడా పడుతోంది.

---

డీటీపీ_సెంటర్ · ఆదివారం రాత్రి 7:22

క్యూఆర్ అద్దం బయట అంటించాలి మేడమ్. మ్యాట్ స్టిక్కర్ మీద తీసిస్తా, రేపు పిల్లల్ని పంపండి. పెద్దది కావాలా, చిన్నది కావాలా?

---

ములుగు_రోడ్ · ఆదివారం రాత్రి 7:40

మేడమ్, మీ పేజీ ఇక్కడ తెరుచుకుంది. గోడ దగ్గరికి పోకుండానే.